మగ్గం మోతకు లేవని పాప

ధర్మవరంలో తిప్పమ్మ ఇంట్లో మగ్గం ఆడుతుంటే వీధి కుక్కలు కూడా ఆ గడప దగ్గర పడుకోవు. ఆమె మనవరాలు చంద్రిక మాత్రం మగ్గానికి రెండడుగుల దూరంలో, చీర ఉయ్యాలలో నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేది. "నేతోళ్ల రక్తమంటే ఇది" అని తిప్పమ్మ వచ్చేపోయే వాళ్లందరికీ పాపను చూపించి గొప్పలు పోయేది.

పాపకు రెండేళ్లు నిండిన వారమే అంగన్‌వాడీ టీచర్ భారతి ఓ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. ఏ వయసుకు పిల్లలు ఏం చేయాలో అందులో బొమ్మలతో సహా ఉంది.

"అవ్వా, పాప పరిగెత్తుతాందా?"

"మేకపిల్ల మాదిరి."

"రెండు మాటలు కలిపి అంటాందా? 'అమ్మా, నీళ్లు' అట్లా?"

"ఒక్క మాటే ఇంగా రాలేదు, రెండెట్ల కలుపుతాది?" తిప్పమ్మ ఎగిరిపడింది. "మా ఓబిలేషు నాలుగేండ్లకు మాట్లాడినాడు. ఇప్పుడు వాని నోరు మూయించేటోడు లేడు. నీ పుస్తకం రాసినోడు మా ఇంటికొచ్చి చూసినాడా ఏమి?"

"రెండేండ్లకే మాట్లాడినానని నాయన చెప్పినాడు కదమ్మా" అన్నాడు మగ్గం మీదున్న ఆమె కొడుకు ఓబిలేష్.

"మీ నాయన ఇంట్లో ఉన్నిందెప్పుడు?"

కోడలు త్రివేణి గూట్లోని వసకొమ్ము వైపు చూసింది. అత్త ఆర్నెల్లుగా పాప నాలుకకు వసకొమ్ము అరగదీసి రాస్తూనే ఉంది. దానివల్ల చంద్రికకు మాటలు రాలేదు, అవ్వ వేలు కనబడితే కొరికే అలవాటొచ్చింది.

భారతి మగ్గం ఆపించి, ఆడుకుంటున్న పాప వెనక స్టీలు పళ్లెం దబ్బున నేలకేసి కొట్టింది. తిప్పమ్మ ఉలిక్కిపడి భారతితో పాటు ఆమె వంశాన్ని కూడా తిట్టింది. పాప తల తిప్పలేదు.

"పొగరు. వాళ్లమ్మ తట్టు పోలిక."

"పొగరుండేటోళ్లు గూడా ఒకసారి తిరిగి చూస్తారవ్వా. ఆస్పత్రిలో చెవులు చూపియ్యండి. ఆలస్యం చేసే కొద్దీ మాటలు రావడం కష్టమైతాది."

మరునాడు త్రివేణి నీళ్లకు పోయిన అదును చూసి తిప్పమ్మ తానే పరీక్ష పెట్టింది. పాప వెనక నిలబడి చిటికేసింది. చెంబు మోగించింది. చివరికి పోయిన మొగుడి మీద నలభై ఏళ్లు వాడిన బూతులన్నీ వరసపెట్టి వదిలింది. పక్కింటి గంగాధరప్ప గోడ మీదుగా తల పెట్టి, "నన్నేనా వదినా?" అని అడిగాడు. పాప మాత్రం నేల మీద చీమను చూస్తూ కూర్చుంది.

తిప్పమ్మ కూలబడి పాపను ఒళ్లోకి లాక్కుంది. రెండేళ్లుగా అందరికీ గొప్పగా చెప్పుకుంది ఈ వినపడకపోవడాన్నేనా!

కోడలు రాగానే, "రేపు అనంతపురం పోదాం. మగ్గం నిలపమను వాణ్ని" అంది.

ఆస్పత్రిలో రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువన్నారు. కొన్నాళ్లకు వినికిడి మిషన్లు పెట్టారు. ఇంటికొచ్చి మగ్గం మోత మొదటిసారి విన్న చంద్రిక ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, మిషన్లు పీకి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి విసిరేసింది. ఓబిలేష్ కాళ్ల సందున వెతికి తీశాడు. ఆ వారంలోనే మగ్గాన్ని వెనక గదిలోకి మార్చారు.

మాటలు నేర్పాలంటే పాప ముఖానికెదురుగా కూర్చుని, వస్తువు చూపించి, దాని పేరు చెప్పి, కాస్త ఆగమంది భారతి. ఆగడమొక్కటే తిప్పమ్మకు చేతకాలేదు. "చెంబు. ఇది చెంబు. చెంబనవే!" అని పొద్దస్తమానం పాప వెంట పడింది.

మిషన్లు పెట్టిన ఐదో నెలలో ఒక పొద్దున, బొరుగుల ఉగ్గాని తింటున్న చంద్రిక ఎదురుగా తిప్పమ్మ మళ్లీ చెంబుతో ప్రత్యక్షమైంది. పాప అవ్వ ముక్కు మీద చెయ్యి పెట్టి పక్కకు నెట్టి, "పో" అంది.

"ముప్పై ఏండ్లుగా నేనూ ఆ మాట అనల్లని చూస్తాండా" అన్నాడు ఓబిలేష్.

తిప్పమ్మ అప్పటికే వీధిలో ఉంది. "నన్ను పొమ్మనింది! నా మనవరాలు నన్ను పొమ్మనింది!" అని కనబడిన వాళ్లందరికీ చెప్పింది. ఒగర్చుకుంటూ తిరిగొచ్చి, పాప ముందు మళ్లీ ముఖం పెట్టింది.

"ఇంగోసారి అను తల్లీ."

చంద్రిక ఆమె నోట్లో ఒక బొరుగు పెట్టి, తన తిండిలో పడింది.