అంకె చెప్పు మామా

మా తమ్ముడు తొమ్మిదంతస్తుల ఎత్తున, ఇనుప చట్రానికి బిగించిన చిన్న పలక మీద నిలబడి, బావిలోంచి పైకి వస్తున్న పైపుల తలలు పట్టుకుని పక్కకి లాగుతున్నాడు. నేను కింద, ఏసీ గురకపెడుతున్న కేబిన్‌లో కూర్చుని, ఆ బావి లోపల ఏం చప్పుడవుతోందో చూస్తున్నాను. చప్పుడు వినాలిగానీ చూడటమేమిటని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు. పెళ్ళై పదహారేళ్ళయింది, నా ఉద్యోగం ఏమిటో ఆయనకి సరిగ్గా ఎక్కలేదు.

చెప్పాలంటే పెద్ద విషయమేం కాదు. గ్యాసు కోసం తవ్వుతున్న ఈ బావి లోతు పందొమ్మిది వందల మీటర్లు. అందులో పద్నాలుగు వందల దాకా గోడ కూలకుండా ఇనుప గొట్టం దించారు. ఆ గొట్టం వీపుకి పొడుగునా ఒక తీగ కట్టారు. తీగ లోపల వెంట్రుకంత గాజు పోగు. అందులోకి వెలుగు పంపితే, దారిలో ఎక్కడ అదురు తగిలినా, ఎక్కడ వేడి మారినా, అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుగులో తేడా కనిపిస్తుంది. ఎన్నో మీటరు దగ్గరో కూడా తెలుస్తుంది. రాతి పొరల్లోంచి గ్యాసో, ఉప్పునీరో బావిలోకి దూరితే, పైనున్నవాళ్ళకి తెలిసేలోపు నాకు తెలియాలి. అందుకే నాకు జీతం.

తొమ్మిది రోజుల క్రితం నాకు తెలిసింది. తెలిసిందనుకున్నాను. ఎర్ర బటన్ నొక్కాను. హారన్ మోగింది, పని ఆగింది, బావి నోటికున్న ఇనుప మూత మూశారు, ఆరు గంటలు అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివరికి తేలిందేమిటంటే, నలభయ్యో మీటరు దగ్గర తీగని పట్టి ఉంచే బిగింపు ఒకటి వదులై, పైపు తగిలినప్పుడల్లా టకటకమంటోంది. గ్యాసూ లేదు, గీసూ లేదు.

ఆ రోజు నుంచి నా పేరు పులక్క. ‘నాన్నా పులి’ అని అరిచానట. భోజనాల దగ్గరికి నేను ప్లేటు పట్టుకుని వస్తే ఎవడో ఒకడు ‘అమ్మో’ అని బల్ల కిందకి దూరేవాడు. నేనూ నవ్వేదాన్ని, కడుపు మండుతున్నా సరే. పెద్దసారు మాత్రం నవ్వలేదు. ఎర్ర బటన్ మీద అట్టముక్క అతికించి, దాని మీద స్వయంగా రాశాడు: ‘ముందు తొట్టిని అడుగు.’ అంటే, బావిలో పోసే బురద తొట్టి దగ్గర కొలతలు చూసే మనిషిని. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాడు. “పైన మీ తమ్ముడున్నాడు కదా. నీకు ప్రతి గీతా గ్యాసులాగే కనిపిస్తుందమ్మా.”

కోపం రావాల్సిన మాట. రాలేదు. నిజమేనేమోనని భయం వేసింది.

ఆ తమ్ముడిని ఇక్కడ అందరూ పిట్ట అంటారు, రోజంతా పైన గూట్లో ఉంటాడు కాబట్టి. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాణ్ణి చంకనేసుకుని తిరిగి తిరిగి నా ఎడమ భుజం ఇప్పటికీ కాస్త కిందకే ఉంటుంది. ఈ మధ్యాహ్నం భోజనం దగ్గర నా ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు.

“అక్కా, నీకో దండం. ఈ బావి అయ్యేదాకా ఆ బటన్ జోలికి పోకు. పులక్క తమ్ముడంటున్నారు నన్ను. తలెత్తుకోలేకపోతున్నా.”

“తల ఎత్తుకోవడం తర్వాత. ముందు తల మిగలనీ,” అన్నాను. నా నోరు అలాంటిది.

వాడు సగం ప్లేటు వదిలేసి లేచిపోయాడు. కుడికాలు కొద్దిగా ఈడుస్తాడు, కోపంలో ఇంకొంచెం ఎక్కువ.

మూడుంబావుకి గీత కనిపించింది.

తెర మీద పైనుంచి కిందకి లోతు, ఎడమ నుంచి కుడికి కాలం. పైపు గొట్టానికి తగిలితే నిలువు గీత పడుతుంది, తగిలిన చోటల్లా ఒక్కసారే అదురుతుంది కాబట్టి. వదులైన బిగింపైతే నలభై దగ్గర చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇది రెండూ కాదు. అట్టడుగున, పద్నాలుగు వందల దగ్గర, చెమ్మ పట్టినట్టు ఓ మరక. నిమిషం తర్వాత అది పదమూడు వందల ఎనభై అయిదుకి వచ్చింది. ఇంకో నిమిషానికి డెబ్భై. ఏటవాలుగా పైకి పాకుతోంది. బావిలో దానంతటదే పైకి పాకేది ఒక్కటే.

వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. తాడుని చూసి పామనుకోవడం అలవాటైపోయిందే నీకు, అని. వేడి చూపించే తెర తెరిచాను. అదే లోతులో అర డిగ్రీ పెరిగింది. ఎక్కువ కాదు. కానీ అడుగునున్న వెచ్చటిదేదో పైకి వస్తే పెరిగేదీ అంతే.

కీడెంచి మేలెంచమన్నారు. కీడు నేను ఎంచేశాను. మేలు ఎంచడానికి తొట్టి మామకి ఫోన్ చేశాను.

బావి ఎప్పుడూ బురదతో నిండుగా ఉండాలి. ఆ బురద బరువే లోపలి గ్యాసుని అణిచి ఉంచేది. పైపులు పైకి లాగేకొద్దీ, లాగిన ఇనుమెంతో అంత బురద తొట్టిలోంచి బావిలోకి పోవాలి. మూడేసి పైపుల కట్టలు, మా భాషలో స్టాండ్లు, అయిదు లాగితే బావి ఆరు వందల లీటర్లు తాగాలి. తక్కువ తాగిందంటే ఖాళీ అయిన చోట ఇంకేదో చేరిందన్నమాట. ఎంత తాగిందో కొలిచేది తొట్టి మామ. ఇరవై ఆరేళ్ళ నుంచి ఇదే పని. అందరికీ మామే. ఎవరికి జ్వరమొచ్చినా మాత్ర ఆయన జేబులోనే ఉంటుంది.

“మామా, తొట్టి ఎలా ఉంది? బావి సరిగ్గా తాగుతోందా?”

“అంతా బాగానే ఉందమ్మాయ్. నువ్వు కంగారు పడకు.”

ప్రాణం లేచొచ్చింది. నిజంగానే. కుర్చీలో వెనక్కి వాలి, చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగాను. పెద్దసారు అన్నది నిజమే, ఇదంతా నా భయమే, అనుకున్నాను. పిచ్చిదాన్నని తేలితే అంత సంతోషం కలుగుతుందని నాకు అంతకుముందు తెలియదు.

గీత మాత్రం ఆగలేదు. పన్నెండు వందల తొంభై. డెబ్భై. ఇప్పుడు నిమిషానికి ఇరవై. లావెక్కుతోంది కూడా. గ్యాసు లోతులో ఉన్నంతసేపూ అణిగిమణిగి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ బరువు తగ్గి ఉబ్బుతుంది, తన మీదున్న బురదని బయటికి నెడుతుంది. అలా నెట్టేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. చివరి మూడు వందల మీటర్లూ అది నడవదు, దూకుతుంది. దూకితే ముందు తగిలేది పైన గూట్లో ఉన్నవాడికి. కింద ఉన్నవాళ్ళు పరుగెత్తగలరు. వాడు నిచ్చెన దిగాలి, ఆ కాలితో.

డ్రిల్లర్‌కి ఫోన్ కొట్టాను. ఆయన రిగ్ మీద, పైపులు లాగే మీటల ముందు ఉంటాడు, వెనక చెవులు చిల్లులు పడే మోత.

“ఒక్కసారి లాగడం ఆపి, బావి నోట్లోకి చూస్తారా? ఏమన్నా పొంగుతోందేమో.”

“తొట్టిని అడిగావా అమ్మా?”

“అడిగాను. బాగానే ఉందన్నాడు.”

“మరింకేం?” నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. “ఇంకో ఇరవై స్టాండ్లున్నాయి. అవి లాగేస్తే ఈ పూటకి అయిపోతుంది. పులిని కాసేపు కట్టేసుకో.”

ఫోన్ పెట్టేశాడు. కేబిన్ కిటికీలోంచి పైకి చూశాను. ఎండలో వాడి పసుపు టోపీ చిన్న చుక్కలా ఉంది. చెయ్యి చాపి పైపుని పట్టి, తోసి, మళ్ళీ చెయ్యి చాపాడు. పైపు ఎంత వేగంగా లాగితే అడుగున అంత గట్టిగా పీలుస్తుంది, సిరంజిలాగా. అంటే వాళ్ళు తొందరపడేకొద్దీ ఆ గ్యాసుని వాళ్ళే లోపలికి పిలుస్తున్నారు.

అప్పుడు చెవిలో జోరీగలా ఆ మాట మళ్ళీ మొదలైంది. అంతా బాగానే ఉంది, నువ్వు కంగారు పడకు.

ఈ మాట నాకు బాగా తెలుసు. రెండేళ్ళ క్రితం ఇంకో బావి దగ్గర మా తమ్ముడు జారిపడ్డప్పుడు ఫోన్లో అన్నదిదే. “కాలు బెణికిందంతే అక్కా. అంతా బాగానే ఉంది, నువ్వు కంగారు పడకు.” నేను నమ్మి, ఆ సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్ళాను. కాలిలో కడ్డీ వేశారని ఎనిమిదో రోజున, అదీ వేరేవాళ్ళు చెబితే తెలిసింది. మాకు చెడు కబురు చెప్పడం ఇంటా వంటా లేదు. ఒకరికొకరం దాచుకుంటాం, దాచినందుకు మురిసిపోతాం కూడా.

కానీ తొట్టి మామ మా ఇంటివాడు కాదు. ఆయన్ని నేనెప్పుడు ఎంతని అడిగినా, “అయిదు వందల తొంభై” అనో, “ఆరు వందల పది” అనో చెప్పేవాడు. తొట్టి దగ్గరున్న మనిషి నోట్లోంచి ముందు వచ్చేది అంకె. ఇవాళ ఆయన అంకె చెప్పలేదు. నన్ను ఓదార్చాడు.

మళ్ళీ ఫోన్ చేశాను.

“అంకె చెప్పు మామా.”

“ఏం అంకెమ్మా?”

“కిందటి అయిదు స్టాండ్లకి ఎంత తాగింది?”

వెనక బురద గుడగుడ వినపడుతోంది. “ఆ తొట్టి ముల్లు కాస్త ఇరుక్కున్నట్టుందమ్మాయ్... కర్ర పెట్టి మళ్ళీ కొలిచి చెబుదామని...”

“మామా!”

“మూడొందలు.”

అట్టముక్క పీకడానికి కూడా ఆగలేదు. దాని మీదే అరచేత్తో గుద్దాను.

హారన్ మోగింది. బయట ఎవరో పెద్దగా నవ్వడం వినిపించింది, “పులొచ్చిందిరోయ్” అని. నేను మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. రిగ్ మెట్ల కింద నిలబడి మీదకి అరిచాను, “మూడొందలే తాగింది! మూడొందలే!” డ్రిల్లర్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. పైపు నోటికి కవాటం బిగించమని ఇద్దరిని తరిమాడు, తను మీటల దగ్గరికి దూకాడు. బావి మూత మూసుకుంటున్నప్పుడు నేల లోపల ఏదో పెద్ద జంతువు పళ్ళు కొరికినట్టు మోత.

తర్వాత అందరూ మూత కింది పీడనం చూపించే గడియారంలాంటి మీటరు వైపు చూశారు. లోపల గ్యాసు ఉంటే దాని ముల్లు ఎక్కాలి. ముల్లు సున్నా మీద ఉంది.

అక్కడే ఉంది.

ఆ అర నిమిషం నేను ఏం కోరుకున్నానో నిజం చెబుతాను. ముల్లు కదలకూడదనీ కోరుకున్నాను, కదలాలనీ కోరుకున్నాను. కదలకపోతే మా తమ్ముడు క్షేమం, నేను ఈ ఊళ్ళో ఇంకెవరికీ మొహం చూపించలేను. కదిలితే నేను అన్నది నిజం, కానీ వాడింకా నిచ్చెన మీదే ఉన్నాడు. తల ఎత్తి చూశాను. జారి దిగడానికి తాడు ఉంది, పిట్ట అది పట్టుకోలేదు. ఉత్తుత్తి హారన్‌కి తాడు మీద దిగితే నవ్వుతారని కాబోలు, మెట్టు మెట్టూ దిగుతున్నాడు.

ముల్లు కదిలింది. ఒక గీత. రెండు. తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. మెల్లగా, ఆగకుండా ఎక్కుతూనే పోయింది. డ్రిల్లర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరూ పులి అనలేదు.

మూత పట్టి ఉంచింది. లోపలున్నదాన్ని మెల్లమెల్లగా బయటికి పంపి, బరువైన బురద ఎక్కించడానికి రేపటిదాకా పడుతుందన్నారు. పెద్దసారు వచ్చి, మీటరు చూసి, నా వైపు చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆయన క్షమాపణ నాకక్కర్లేదు. ఆ పూట నాకు కావాల్సింది ఇంకొకటి ఉంది.

తొట్టి మామ తన తొట్టి పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టాడు.

“తప్పయిపోయిందమ్మాయ్. ముల్లు ఇరుక్కుందనే అనుకున్నా, ఒట్టు. అయినా నీకు చెప్పాల్సింది. మధ్యాహ్నం పిట్ట వచ్చి అన్నాడు. ‘మామా, మా అక్క ఫోన్ చేస్తే బాగానే ఉందని చెప్పెయ్. ఊరికే కంగారు పడుతుంది. అంకెలు చెబితే పట్టుకుని కూర్చుంటుంది’ అని. అక్క మీద ప్రేమతోనే కదా అంటున్నాడనుకుని, నేనూ సరేనన్నా.”

నాకు ఆ క్షణాన వాడిని కొట్టాలనిపించింది. కొట్టడానికే వెళ్ళాను కూడా.

పైపుల గుట్ట నీడలో, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. టోపీ పక్కన పడేశాడు. మొహం మీద బురద, దాని కింద రంగు లేదు. కుడికాలి పిక్కని రెండు చేతులతో పట్టుకున్నాడు, కాలు ఆగుతుందేమోనని. ఆగడం లేదు. నేను వచ్చింది చూసి చేతులు తీసేసి, మామూలుగా ఉన్నట్టు వీపు గోడకి ఆనించబోయాడు. అక్కడ గోడ లేదు.

పక్కన కూలబడ్డాను. లేపిన చెయ్యి వాడి భుజం మీద పడింది, దెబ్బలాగా మాత్రం కాదు.

“ఎలా ఉన్నావు?”

“బాగానే ఉన్నానక్కా. నువ్వు కంగారు—”

“అంకె చెప్పు.”

“ఏం అంకె?”

“దిగుతున్నప్పుడు కాలు ఎన్నిసార్లు జారింది?”

వాడు దూరంగా మీటరు వైపు చూశాడు. కింది పెదవి చిన్నప్పటిలాగే వణికింది. మెల్లగా చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు.

నేను చూపు తిప్పలేదు.

కాసేపటికి మూడోది కూడా లేపాడు.