దయ్యం పట్టని పోలీసు

"పోలీసుకి దయ్యం పట్టిందని పెట్టు. గొడవ వదిలిపోతుంది," అన్నాడు నిర్మాత గారెట్, కాఫీ కప్పు ఎడిటింగ్ బల్ల మీద పెడుతూ.

ఒడెస్సాకి ఒళ్లు మండింది. నాలుగు దయ్యం కథలు కలిపి ఒక సినిమా తీస్తోంది ఆమె. ముసలివాళ్ల సామాను రోడ్డు మీద పడేయించిన ఇంటి యజమానిని ఆ ఇంటి గోడలే మింగేస్తాయి ఒక కథలో. ఇంకోదానిలో, ఓట్లు మింగిన నాయకుణ్ణి శ్మశానమంతా లేచి నిలదీస్తుంది. సినిమాలో రెండోదిగా వచ్చే పోలీసు కథ మాత్రం ఊహించి రాసింది కాదు. పోలీసు ఒకడు రోడ్డు పక్కన కారు ఆపించి, చేతులెత్తి నిలబడ్డ నల్ల కుర్రాణ్ణి కాల్చేస్తాడు. చచ్చినవాడు వచ్చి ఆ పోలీసు కారు వెనక సీట్లో కూర్చుంటాడు. ఏమీ అనడు, దిగడు. ఆ కుర్రాడు ఒడెస్సా తమ్ముడు జూలియస్. అందులో ఆమె కల్పించింది ఆ వెనక సీటు ఒక్కటే.

"మా తమ్ముణ్ణి చంపినవాడికి ఏ దయ్యమూ పట్టలేదు గారెట్. డ్యూటీ దిగి ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకున్నాడు. ఇప్పటికీ ఉద్యోగం చేసుకుంటున్నాడు. భయపడాల్సింది దానికి. అది తీసేసి వాడికి కొమ్ములు పెట్టమంటావా?"

"నేను నీ పక్షమే ఒడెస్సా. కానీ జనం దయ్యాల్ని చూడ్డానికొస్తారు, వార్తలు చూడ్డానికి కాదు."

"ఇంటి ఓనరుకి దయ్యం పట్టించమని అడగలేదే? ఆ నాయకుడికి అడగలేదే? పోలీసు దగ్గరికొచ్చేసరికి నీకు దయ్యం గుర్తొచ్చిందా?"

గారెట్ మొహం గంటు పెట్టుకున్నాడు. "సరే, పెట్టకు. ఆ కథే లేపేస్తా. మిగతా మూడూ చాలు. మధ్యలో ఒకటి పోయిందని ఎవడికి తెలుస్తుంది?"

ఇలాంటి సినిమాలతో వచ్చిన చిక్కే అది. విడివిడి కథలు కాబట్టి భయాల మధ్య ఒక నిజాన్ని దూర్చవచ్చు. విడివిడి కథలు కాబట్టే దాన్ని అంత సులువుగా పీకి పారేయవచ్చు. ఒప్పందం ప్రకారం ఆఖరి మాట గారెట్‌ది. ఈ తెల్ల పెద్దమనుషులు ఎప్పుడూ మన పక్షమే. మన చచ్చినవాళ్లే వాళ్లకి అడ్డం.

ఇంకా ఒక్కరోజు షూటింగ్ మిగిలింది. కథకీ కథకీ మధ్య వచ్చే ముక్కలు తీయాలి. శవాలను అలంకరించి సాగనంపే ఇంట్లో, ఒక ముసలాయన వచ్చినవాళ్లకి ఒక్కో శవపేటిక చూపించి ఒక్కో కథ చెబుతాడు. ఆ వేషం థాడియస్ బ్రూసార్డ్‌ది. చర్చి నాటకాల్లో తల పండిన నటుడు. ఆ రోజు పొద్దున్నే ఒడెస్సా జూలియస్ వేషం వేసిన లమాంట్‌ను పిలిపించి, అదే రక్తపు చొక్కా తొడిగి, హాలు నడిమధ్య పేటికలో పడుకోబెట్టింది.

"వీడికి మాటలేంటమ్మాయ్?" అని అడిగాడు బ్రూసార్డ్.

"ఏం లేవు మాస్టారూ. కళ్లు తెరుచుకుని పడుకుంటాడు. ప్రతి ముక్కలోనూ మీరు మూత వేయబోతారు. అది పడదు. 'వీడి సంగతి తర్వాత' అనండి, చాలు."

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. "మీ తమ్ముడి కథ కోసేస్తున్నారు కదూ?"

"కోసేస్తున్నారు."

"కొయ్యనీ. నేనీ పెట్టె పక్కనుంచి కదిల్తే అప్పుడడుగు."

కదల్లేదు. ఆ పేటిక కనబడకుండా ఒక్క షాటు కూడా తీయలేదు ఒడెస్సా. సాయంత్రానికి వడ్రంగులు సెట్టు విప్పేశారు. మళ్లీ తీద్దామన్నా ఆ ఇల్లు లేదు.

తీసిన ముక్కలన్నిట్లో ఆ పేటిక చూసి గారెట్ మొహం కందగడ్డ అయింది. "నన్నే ఇరికిద్దామనుకున్నావా?"

"కథ ఉంచు. అంతా సరిపోతుంది."

"ఉంచను. ఏదో శవం అనుకుంటారు. జనం అంత పట్టించుకోరు."

కథ కోసేశాడు, సినిమా విడుదల చేశాడు. ఒడెస్సా ఇంట్లో చేతికందిన గిన్నెలన్నీ గోడకేసి కొట్టింది. జూలియస్ రెండోసారి చచ్చిపోయినట్టయింది ఆమెకి. ఈసారి చంపినవాడు నవ్వుతూ చంపాడు.

"సినిమాకి నువ్వు రావద్దమ్మా," అంది తల్లి అర్లీన్‌తో. "తమ్ముడి కథ అందులో లేదు."

"వాడు కనబడతాడా?"

"కనబడతాడు. మాట్లాడడు."

"అయితే వస్తా."

శుక్రవారం మధ్యాహ్నం, లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్లుండే క్రెన్షా వైపు హాలు. మనవాళ్లు నోరు మూసుకుని సినిమా చూసే రకం కాదు. గారెట్ ఎన్నడూ ఆ హాల్లో అడుగు పెట్టినవాడు కాదు.

"తలుపు తీయకు పిల్లా, చస్తావ్!" అని అరిచింది ఒకావిడ. హాలంతా నవ్వు. మొదటి కథ అయింది. తెర మీద మూత పడలేదు.

"ఎవడ్రా ఆ పెట్టెలోవాడు?"

ఇంకో కథ అయింది. "వీడి సంగతి తర్వాత," అన్నాడు బ్రూసార్డ్.

"తర్వాతంటే ఎప్పుడు తాతా? మేం పోయాకా?"

ఆఖరి కథ కూడా అయిపోయింది. బ్రూసార్డ్ మళ్లీ అదే మాట అన్నాడు. తెర మీద పేర్లు మొదలయ్యాయి. హాలు భగ్గుమంది.

"మోసం! వాడి కథేదీ?"

"ఆ కుర్రాణ్ణేం చేశార్రా?"

కాళ్లతో నేల దంచుతున్నారు. పాప్‌కార్న్ తెర మీదికి ఎగిరింది. అర్లీన్ లేచి నిలబడింది. ఒడెస్సా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"వాడు నా కొడుకు," అంది గట్టిగా. "పేరు జూలియస్. వాడి కథ కోసేశారు. మీకు తెలీదని, మీరడగరని కోసేశారు."

అరుపులు ఆగిపోయాయి. "లైట్లు వెయ్యండ్రా!" అంది ఇందాకటి ఆవిడ. "చెప్పు పెద్దమ్మా, మేం వింటాం."

లైట్లు వెలిగాయి. తర్వాతి ఆటకి హాలు ఖాళీ చేయించడానికి గేటు మనిషి వచ్చాడు. ఒక్కరూ లేవలేదు. అతను కూడా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అర్లీన్ కళ్లలో తడి లేదు. ముందు సీటు అంచు పట్టుకుని హాలు వైపు తిరిగింది.

"ఆ రోజు నాకు జ్వరం," అంది. "నారింజ రసం తెమ్మని నేనే పంపాను. తెచ్చాడు బిడ్డ. సీసా కారు సీట్లోనే ఉంది, మూత కూడా తీయలేదు. దాన్నే పోలీసులు తుపాకీ అన్నారు."