పక్కనున్న నక్షత్రం

పాత యుద్ధ పతకాల వ్యవహారంలో ఆ వీధి మొత్తానికి ఒకటే కోర్టు, ఒకరే జడ్జి. ఆవిడే భూతద్దం అక్క. అసలు పేరేమిటో తోడబుట్టిన చెల్లెలికే సరిగ్గా గుర్తులేదు. ఏ పతకమైనా సరే, ఆవిడ బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డను తాకగానే తను ఏ యుద్ధంలో పుట్టిందీ, ఎవరి ఛాతీ మీద ఎండకెండిందీ, అసలుదా, నకిలీదా అంతా తనంతట తానే కక్కేస్తుందని చెప్పుకునేవారు. ఒకసారి ఒక నకిలీ పతకం ఆవిడ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి ముఖం చెల్లక, మోసుకొచ్చినవాడి జేబులోంచి దూకి మురిక్కాలవలో పడిందట. ఇది చెల్లెలు చెప్పే కథ. ఆవిడ మాటలో సగం కొట్టేసినా మురిక్కాలవ మిగులుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం సైకిలు షాపాయన వచ్చి, రుమాలు మూట విప్పి ఒక వెండి పతకం బల్ల మీద పెట్టాడు. అది చూసి అక్క కళ్ళు చిట్లించింది. పతకం అద్దంలా తళతళలాడుతోంది.

"అక్కా, ఇది అసలుదేనని ఒక్క ముక్క రాసియ్యి."

"చూడకముందే తీర్పా? ముందు కూర్చో తమ్ముడూ. ఆ గ్రీజు చేతులు నా గుడ్డ మీద పెట్టకు."

అతను కూర్చున్నాడు గానీ, కుర్చీకి ముళ్ళున్నట్టే కదులుతున్నాడు. సంగతేమిటంటే, రెజిమెంటు హాలు గోడ మీద శౌర్య పతకం అందుకున్న సిపాయిల పేర్లు రాయిస్తున్నారు. పాత రికార్డులు ఎప్పుడో అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి కాబట్టి, ఇంట్లో పతకం ఉన్నవాళ్ళు తెచ్చి చూపించాలి. అతను తండ్రి పతకం తీసుకెళ్తే, కమిటీలో ఉన్న రిటైర్డు మేజరు గారు తూచి, కొలిచి, నకిలీలా ఉందని వెనక్కి ఇచ్చేశాడు. రేపు పొద్దున పెయింటరు చివరి వరుస రాసి నిచ్చెన దింపేస్తాడు.

తండ్రి సంగతి అక్కకి తెలుసు. తెలియనివాళ్ళెవరు? ఆయన్ని వీధంతా ఫిరంగి అనేవారు. ఫిరంగి కాల్చినందుకు కాదు, నోరు తెరిస్తే పేల్చేవాడు కాబట్టి. శత్రువు వేసిన ఫిరంగి గుండును గాల్లోనే కంబళితో పట్టుకుని, దాని వేడి మీద ప్లాటూను మొత్తానికీ టీ కాచానని చెప్పేవాడు. పంచదార ఎక్కడిదని ఎవరైనా అడిగితే, అది రెండో గుండులో వచ్చిందనేవాడు.

"నాన్న కోతలు కోసేవాడంటే నేనూ నవ్వుతానక్కా, నాకేం బాధ లేదు," అన్నాడు సైకిలాయన. "కానీ దొంగ పతకం పెట్టుకు తిరిగాడంటే... అది వేరే మాట కదా? పేరు గోడ మీదికి ఎక్కకపోతే జనం ఆ మాటే అంటారు. చచ్చిపోయినవాడు వచ్చి బదులు చెప్పుకోలేడు."

అక్క పతకాన్ని తక్కెట్లో వేసింది. ఉండాల్సిన దానికంటే తేలిగ్గా ఉంది. అంచు మందం కొలిచింది. పలచగా ఉంది. సింహం బొమ్మ జూలు అరిగి, గుండు చేయించుకున్నట్టుంది. అంచు చుట్టూ చెక్కిన పేరు చదవలేనంతగా చెరిగిపోయింది.

"మేజరు గారు చూసింది తప్పేం కాదు. ఇంతకీ దీన్ని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? పెద్దవాళ్ళకి చూపించాలి కదా, నల్లగా ఉంటే మర్యాదగా ఉండదని షాపులో మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టి..."

"బఫింగ్ చక్రం మీదా!"

"రెండు వైపులా అక్కా, శ్రద్ధగానే పట్టాను. హ్యాండిల్ బార్ కన్నా బాగా వచ్చింది."

లోపలి గదిలోంచి చెల్లెలు పకపకా నవ్వింది. "ఏమయ్యా, మీ నాన్న పోయిన రోజు ఆయన్ని కూడా చక్రం మీద పెట్టావా ఏమిటి?"

"నువ్వూరుకోవే," అంది అక్క. పతకాల లోకంలో నలుపును తోమడమంటే సాక్షి నోట్లో గుడ్డ కుక్కినట్టే. కానీ ఇంకా వినాల్సింది మిగిలే ఉందని ఆవిడకి అనిపించింది. దీపం దగ్గరికి లాగి, పతకాన్ని ఏటవాలుగా పట్టుకుని చూసింది. చూసేవాళ్ళకి కుడివైపు, అంచుకి కాస్త లోపల, స్ఫోటకం మచ్చల్లా చిన్న చిన్న గుంటలు ఒకేచోట గుంపుగా ఉన్నాయి. చక్రం వాటి పై అంచులను అరగదీసింది గానీ అడుగుకి చేరలేకపోయింది. ఎడమవైపు ఒక్కటంటే ఒక్కటి లేదు.

అక్క వీపు నిటారుగా అయింది. అలా అయిందంటే ఇక ఆవిడతో ఎవరు పందెం కాసినా ఓడిపోయినట్టే.

"తమ్ముడూ, దీని పక్కన ఇంకో పతకం వేలాడేది. ఏదో మొనదేలినది. నక్షత్రం లాంటిది. ఏమైంది?"

అతను నోరు వెళ్ళబెట్టాడు. "అది... అది ఆ యుద్ధానికి వెళ్ళిన ప్రతివాడికీ ఇచ్చిన కంచు ముక్క అక్కా. వంటవాళ్ళకి కూడా ఇచ్చారు. దానికి విలువేముంది?"

"అదేనయ్యా అడుగుతున్నాను. ఎక్కడుంది? దాన్నీ తోమేశావా?"

"లేదక్కా. షాపులో ఉంది. చక్రం వంకర చూడ్డానికి దారం కట్టి వేలాడదీశాను. బరువు సరిగ్గా సరిపోయింది."

అక్క చెప్పులేసుకుని బయల్దేరింది. షాపులో ట్యూబుల గుత్తుల కింద, విప్పదీసిన ఒక సైకిలు చక్రం పక్కన, నూనె జిడ్డు పట్టిన కంచు నక్షత్రం దారానికి వేలాడుతోంది. వెనక్కి తిప్పి చూస్తే సిపాయి నంబరూ, ఫిరంగి అసలు పేరూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆరు మొనల్లో ఐదు పదునుగా ఉన్నాయి. పక్కకి తిరిగిన ఒక్క మొన మాత్రం మొద్దుబారి ఉంది.

"ఏళ్ళ తరబడి కవాతులో ఇది దాన్ని పొడిచింది," అంది అక్క. "ఛాతీ మీద పక్కపక్కన వేలాడే పతకాలు తోటికోడళ్ళ లాంటివి. నడిచినప్పుడల్లా ఒకదాన్నొకటి గిల్లుకుంటాయి."

అతని మొహం వెలిగింది. "అయితే రెండూ కట్టి ఒకసారి ఊపి చూద్దాం పట్టు. ఆ మొన ఆ గుంటల్లోనే పడుతుందో లేదో..."

"వద్దు."

"అదేంటక్కా! అక్కడికెళ్ళాక పడకపోతే?"

"ముందే చూసుకుని వెళ్తే మేజరు గారికి అది మనం చేసుకొచ్చిన గారడీలా కనిపిస్తుంది. గుంటలు ఇవాళ కొట్టినవి కావని తెలియాలంటే, ఈ రెండూ ఆయన కళ్ళ ముందే మొదటిసారి కలవాలి. పడుతుంది. నా మాట మీద నమ్మకం లేకపోతే పంపు కొట్టుకో, పో."

నమ్మకం ఉందో లేదో గానీ, అతను ఆ సాయంత్రం గాలి అక్కర్లేని టైర్లకి కూడా పంపు కొట్టాడు.

పొద్దున్నే హాల్లో సున్నం వాసన ఘాటుగా ఉంది. పెయింటరు నిచ్చెన ఎక్కి చివరి వరుసకి గీతలు గీస్తున్నాడు. మేజరు గారు పొడవాటి మనిషి, మాట కోసినట్టుంటుంది గానీ మనిషి మాత్రం మర్యాదస్తుడు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీరొచ్చారంటే నేనేదో వదిలేసి ఉంటాను. కానీ బరువు తక్కువ, అంచు పలచన, పేరు లేదు. నేనింకేం రాయగలను?"

"మీరు రాసింది సబబేనండీ. ఈ తమ్ముడు దాన్ని హ్యాండిల్ బార్ అనుకున్నాడు. మీరొక్క సాయం చేయాలి. ఇవి రెండూ పెట్టుకుని కవాతు చెయ్యండి."

"నేనా?"

"నేను చేస్తే నవ్వుతారు. వీడు చేస్తే నడకలా ఉండదు. పద్ధతి ప్రకారం మీరే కట్టుకోండి. పొడవులూ వరసా నాకంటే మీ చేతికే బాగా తెలుసు."

మేజరు గారు రెండు రిబ్బన్లూ నిబంధన ప్రకారం మడిచి, శౌర్య పతకం ముందూ నక్షత్రం దాని పక్కనా పతకాల పట్టీకి తగిలించి, చొక్కాకి పెట్టుకున్నాడు. భుజాలు వెనక్కి లాగాడు. అంతే, వయసు ఇరవయ్యేళ్ళు వెనక్కి పరిగెత్తింది. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి అడుగు వేసుకుంటూ వెళ్ళాడు. టిక్, టిక్, టిక్. పెయింటరు కుంచె ఆపి చూశాడు. సైకిలాయన మాత్రం చూడలేక గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

మేజరు గారు ఆగి, కిటికీ వెలుతురులో ఛాతీ వంక చూసుకున్నాడు. అక్క భూతద్దం అందించింది. ఆయన వేలితో నక్షత్రాన్ని మెల్లగా ఊపాడు. మొద్దుబారిన మొన ఊగివచ్చి గుంటల గుంపు మీద వాలింది. మళ్ళీ ఊపాడు. మళ్ళీ అక్కడే.

"దీనికి ఎడమ పక్క మచ్చ లేదు," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "అంటే వరసలో ఇదే మొదటిది, శౌర్య పతకం ఉండాల్సిన చోటే. ఈ నక్షత్రం మీదున్న పేరుగల సిపాయి ఛాతీ మీదే, ఇన్ని గుంటలు పడేంత కాలం..."

"తన ప్లాటూను మధ్యలో," అంది అక్క. "దొంగ పతకంతో ఒక్క కవాతైనా చేయనిస్తారాండీ?"

"పీకి చేతిలో పెడతారు." మేజరు గారు భూతద్దం దించి సైకిలాయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇటు తిరుగు. మీ నాన్న పేరు రాయిస్తున్నాను."

అతను ఊపిరి బిగబట్టే తిరిగాడు. అక్క అతని భుజం మీద ఒక్కటి చరిచింది. అప్పుడొచ్చింది ఊపిరి.

"పేరు కింద ఏం చేశాడో కూడా ఒక్క ముక్క వేస్తున్నాం," అన్నాడు మేజరు గారు. "చెప్పు. దేనికిచ్చారు?"

కంబళి, గుండు, టీ, పంచదార అన్నీ అతని మొహంలో వరసగా దాటిపోవడం అక్క చూసింది. అతను ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పక్కా, పతకం చూస్తే తెలియదా?"

"లోహం సంగతి నేను చెబుతాను. ఆ రోజు ఏం జరిగిందో లోహం చెప్పదు తమ్ముడూ."

అతను గోడ మీది గీతల వంక చూశాడు. "అయితే పేరు చాలు సార్. కింద కాస్త ఖాళీ వదిలిపెట్టండి. అడిగినవాళ్ళకి మేం చెప్పుకుంటాం."

"ఖాళీయా? ఎంత?" అన్నాడు పెయింటరు నిచ్చెన మీద నుంచి.

"చూపిస్తానుండు," అంటూ మేజరు గారు గోడ వైపు నడిచాడు. పతకాలు విప్పి ఇవ్వాలన్న ధ్యాసే ఆయనకి లేదు. అడుగడుక్కీ అవి టిక్కుటిక్కుమంటున్నాయి. సైకిలాయన వాటిని తిరిగి అడగలేదు. ఆయన వెనకే, అడుగు కలుపుతూ నడిచాడు.