మామయ్య నీహారిక

గడియారాల రిపేరు మానేశాక పెద్దాయనకు మేడ మీది టెలిస్కోపే లోకమైంది. మబ్బు లేని రాత్రి దొరికితే చాలు, దానికి కెమెరా బిగించి, చుక్కల మధ్య ఎర్రటి పొగలా పరుచుకునే ఒకే నీహారికను గంటల తరబడి ఫొటోలు తీసేవాడు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క బొమ్మ చేసేవాడు. ఆ బొమ్మను మాత్రం ఎవరి కంటా పడనిచ్చేవాడు కాదు.

ఒక సాయంత్రం కొడుకు చూడనే చూశాడు. "ఏంటి నాన్నా, ఆకాశానికి పాచి పట్టిందా?" అని నవ్వాడు. పెద్దాయన కంప్యూటర్ కట్టేసి గదిలోకి వెళ్లిపోయాడు.

కోడలికి నవ్వు రాలేదు. గోడల రంగులు కలిపే దుకాణంలో ఆమె పని. చుట్టూ ఎరుపు ఉండాల్సిన చోటల్లా చీకటే ఉందని, నడుమ ఆకుపచ్చ ముద్దొక్కటే మిగిలిందని చూడగానే పట్టేసింది. టీ తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అడిగింది.

"మామయ్యా, మీకు ఎరుపు కనబడదు కదూ?"

ఆయన కప్పు అందుకుని బల్ల మీద పెట్టాడు. "చీకట్లో కలిసిపోతుందమ్మా. మీ అత్తయ్య ఒక్కదానికే తెలుసు. నా చొక్కాలన్నీ తనే ఎంచేది. తను పోయాక ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పారుగా."

సెలవు రోజున ఆమె ఆయన పక్కన కూర్చుని, ముందు ఆ బొమ్మకు సరైన ఎరుపు తెచ్చింది. "బాగుందమ్మా," అన్నాడాయన, పక్కకు చూస్తూ.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి మామయ్యా," అని నవ్వి, ఆ ఎరుపు మొత్తాన్నీ నీలంలోకి మార్చింది. నీలం ఆయన కంటికి బాగా ఆనుతుంది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగాడు. నీహారిక తెర అంచులదాకా పరుచుకుని ఉంది. మధ్యలో పొగ సుడులు, పక్కన సన్నటి పోగులు.

"ఇంత పెద్దదా," అన్నాడు. "పిడికెడంతే అనుకున్నానే ఇన్నాళ్లూ." ఆమె వైపు తిరిగి, "అసలు రంగు ఇది కాదుగా. తప్పు కాదూ?"

"వెలుగు మీరు పట్టిందే. రంగొక్కటే నేను మార్చాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన కొడుక్కి ఎరుపు సంగతి తనే చెప్పేశాడు. కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తలెత్తి తండ్రి మొహం చూడలేకపోయాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఏదీ, చూపించు నాన్నా."

"ఎర్రదా, నీలందా?"

"నీకు కనబడేదే."