బైరాగికి బదులు హాజరు

గురవమ్మకి కలకత్తాలో బాగా వచ్చిన పని ఒకటుంది, మొగుడికి బదులు హాజరు పలకడం. బైరాగి ఖిదిర్‌పూర్‌లో వీధులూడ్చే కార్పొరేషన్ మనిషి. అతనికి జ్వరమొస్తే వేకువనే ఆమె చీపురు పట్టుకెళ్లేది. పని చేయించే సర్దార్ కోదండం అతని పేరు పిలవగానే "హాజిర్" అనేది. వీధి ఊడ్చి వచ్చేది. పేరు నిలిచేది. వాళ్లుండే కూలీల లైన్లలో తెలుగు ఆడవాళ్లందరూ చేసేదదే. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు.

ఆ ఏడు బైరాగికి గొంతులో కాయ లేచింది. అన్నం దిగడం మానేసింది, గంజే. పెద్దాసుపత్రి డాక్టరు టార్చి వేసి చూసి, గురువారం పొద్దున ఎనిమిదింటికి రమ్మని చీటీ రాశాడు. మంచం ఉంచుతాను, మర్నాడే కోసేస్తాను అన్నాడు.

బుధవారం సాయంత్రం కోదండం గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరే బైరాగీ, రేపే పర్మనెంటోళ్ల లిస్టు. ఎర్రజెండా యూనియనోళ్లు కొట్లాడి తెచ్చినారు. ఆఫీసరొచ్చి ఏలిముద్దర్లు ఏయిస్తాడు. నీ ఏలే కావాల. నీ పెళ్లాం ఏలు పనికిరాదు."

"రేపు ఆసుపత్రి కదన్నా!"

"పన్నెండేళ్లు ఊడ్సినావు. రేపు రాకపోతే మరింక నీ పేరెక్కదు. నీ ఇష్టం."

కోదండం వెళ్లాక గురవమ్మే అంది. "నువ్వు ముద్దరకెళ్లు మావా. ఆసుపత్రికి నానెళ్తాను. పేరు పిలిస్తే పలుకుతాను. మంచం నిలబడుద్ది. నువ్వు మజ్జాన్నం వచ్చీ."

"సరేలే. నా గొంతు కన్నా నీ గొంతే పెద్దది" అని నవ్వబోయి దగ్గాడు బైరాగి.

మర్నాడు కాంపౌండరు "బైరాగీ!" అని కేకేయగానే గురవమ్మ లేచి నిలబడి "హాజిర్!" అంది. వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. డాక్టరు నవ్వలేదు.

"రోగి ఎక్కడ మాషీ?" అన్నాడు, పిన్నీ అన్నట్టు.

"మధ్యాహ్నం వస్తాడు బాబూ. అందాకా నేనున్నాను కదా."

రక్తం తీయాలి, మత్తు డాక్టరు చూడాలి, అన్నీ పది లోపే. పది దాటింది. పేరు కొట్టేశారు. ఇంకో రోగిని పిలిపించే వ్యవధి లేక, మర్నాడు కోత గది ఆ కాసేపూ ఊరికే ఉండిపోయింది. బైరాగి రొప్పుకుంటూ వచ్చేసరికి గురవమ్మ గేటు దగ్గర కొత్త తారీఖు పట్టుకుని ఉంది. పదకొండు వారాల తర్వాత. అతని బొటనవేలికి నీలం సిరా ఇంకా పోలేదు.

పదకొండు వారాలయ్యేసరికి గంజి కూడా దిగడం మానేసింది. ఆ తారీఖున ఇద్దరూ కలిసి వెళ్లారు. డాక్టరు చూసి, బైరాగిని బయట కూర్చోమని, ఆమెని ఉండమన్నాడు.

"ఇప్పుడింక కోయడానికి లేదు. మెడంతా పాకిపోయింది."

ఆమె చేతిలోని చీటీని ఇంకో మడత పెట్టింది.

"ఆ వేళ రాలేమని ముందురోజు సాయంత్రం ఒక్క కబురు పెట్టలేకపోయారా? ఇంకొకరికి కోసి, ఇతన్ని వచ్చే వారమే పిలిచేవాణ్ణి."

"అలా చెప్పొచ్చని మాకెవరూ చెప్పలేదు బాబూ."

డాక్టరు కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "నిజమే. చెప్పలేదు" అన్నాడు.

బయట బల్ల మీద బైరాగి ఎదురుచూస్తున్నాడు.

"ఏటన్నాడే?" మాట గాలిలా వచ్చింది.

"సోమారం రమ్మన్నాడు." ఆ అబద్ధం నోటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు.

అతను తిన్నగా కోదండం దగ్గరికి నడిచాడు. "సోమారం నాను రాను. ముందే సెప్తన్నాను. కావలిస్తే నా పేరు కొట్టీ." కోదండం వెనకే వచ్చిన గురవమ్మ మొహం చూసి తల వంచుకున్నాడు.

ఆదివారం గడ్డం గీయించుకున్నాడు. సోమవారం చీకటుండగానే తలకి పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లెగు గురవా. ఈపాలి వరసలో మనమే ముందుండాల."

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. అతను అప్పుడే చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. ఆమె లేచి, మొహం కడుక్కుని, తలుపుకి తాళం వేసి, అతని వెనకే బస్సు దగ్గరికి నడిచింది.