నేలచూపులతో తరగోనా

రొట్టెల కొట్టు ఓలేగెర్ రొట్టె కోస్తున్నవాడల్లా కత్తి ఆపి సబేలా భుజాల వంక చూశాడు. సంతలో ఎద్దు మూపురం చూసినట్టు చూశాడు.

సబేలాకు ఆ చూపు కొత్త కాదు. స్పెయిన్‌లో ఆ చివరనున్న గలీసియా కొండల్లో ఆవుల మధ్య పెరిగిన మనిషి. ఆమె వెడల్పు మీద ఊళ్ళోవాళ్ళు వేసే ఛలోక్తులు విని విని చెవులు కాయలు కాచిపోయాయి. స్నేహితురాలు ఇరియా పోరగా పోరగా వీపున సంచీ తగిలించుకుని ఈ చివర సముద్రపొడ్డునున్న తరగోనా పట్నం చూడ్డానికి వచ్చింది గాని, దిగినప్పటి నుంచీ బస్సులో, సత్రంలో, ఇరుకు సందుల్లో అందరికీ తనే అడ్డమన్నట్టు ఒదిగి ఒదిగి నడుస్తోంది.

"ఈ సాయంత్రం ఏం పని అమ్మాయ్?" అన్నాడు ఓలేగెర్.

ఇరియా మోచేత్తో పొడిచింది. "విన్నావుటే? నిన్న దిగాం, ఇవాళ పెళ్ళిచూపులు."

"ముసలాడే."

"అయితేనేం, రొట్టెల కొట్టుంది."

ఓలేగెర్ నవ్వలేదు. ఆదివారం ఊరి నడుమ చౌకులో తమ పేట జట్టు, ఒకరి భుజాల మీద ఒకరెక్కి, మనుషుల గోపురం కడుతుందన్నాడు. కిందటేడు అదే చౌకులో, పైదాకా ఎక్కి, దిగేటప్పుడు కూలిందట. "ఎక్కితే చాలదు. అందరూ క్షేమంగా దిగితేనే లెక్క. మధ్యలో కూలితే, కట్టెలు కొట్టారని ఎగతాళి చేస్తారు మమ్మల్ని. ఏడాదిగా పక్కపేటవాళ్ళు నా కొట్టు దగ్గరికి వచ్చి, రొట్టెతోపాటు కట్టెలున్నాయా అని అడుగుతున్నారు. అడుగున ఆనుకోవడానికి నీలాంటి వీపొకటి తక్కువైంది తల్లీ."

సబేలా ఒంటి గురించి ఎక్కువన్నవాళ్ళే గాని, తక్కువైందన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. రొట్టె అందుకుని, "ఎక్కడికి రావాలి?" అంది.

ఆ సాయంత్రం సాధనశాలలో ఆమెను ఎవరు నువ్వని ఎవరూ అడగలేదు. చేతులు ఎక్కడ ఆనించాలో చెప్పారంతే. నడుమ నలుగురు బలమైనవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ చుట్టూ చక్రంలో ఆకుల్లా వరసలు వరసలుగా మనుషులు అదుముకున్నారు. ముందువాడి వీపుకు గుండె ఆనించి, చేతులు పైకి చాచి, గడ్డం గుండెకు అదిమిపెట్టాలి. ఏం జరిగినా తలెత్తకూడదు. పైనుంచి మనిషి పడితే వంచిన మెడ తట్టుకుంటుంది, ఎత్తిన మెడ విరుగుతుంది.

నెత్తి మీద పాదాలు ఎక్కిపోయాయి. బరువు కొంచెం ఎడమకు ఒరిగింది. సబేలా చటుక్కున తలెత్తింది. పశువు ఒరిగితే ముందు దాని కన్ను చూడడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తలతోపాటు భుజమూ లేచింది. భుజం లేచేసరికి వరసంతా వదులైంది.

"దిగండి, దిగండి," అన్నాడు ఓలేగెర్. అందరూ దిగాక దగ్గరికొచ్చాడు. "బలం ఉంది. మెడ మాట వినడంలేదు. ఆదివారం పొద్దుట ఇంకోసారి చూస్తా. తలెత్తావా, పక్కన నిలబడి చప్పట్లు కొట్టుకోవడమే."

దారిలో ఇరియా, "పోనీలేవే, చప్పట్లకీ మనుషులు కావాలిగా," అంది. సబేలా మెడ వంచి, ఎత్తి, మళ్ళీ వంచి చూసుకుంది. కాళ్ళు బిగించిన గేదెలా మొండికేసిందని ఇరియాకు అర్థమైంది.

మర్నాడు తరగోనా అంతా సబేలా గడ్డం గుండెకు ఆనించి తిరిగింది. ఇరియా చెయ్యి పట్టుకుని నడిపించింది.

"ఇదిగో పెద్ద చర్చి. పైన గులాబీపువ్వులా కిటికీ ఉంది. చూడవా?"

"చూడను."

"అబ్బ, ఆ బాల్కనీలో కుర్రాడెవరోగాని చొక్కా లేకుండా నిలబడ్డాడే."

"నిలబడనీ."

"నిన్నే చూస్తున్నాడే."

"చూడనీ. చెప్పులేసుకున్నాడా?"

అలా పాత కోటగోడ దాటారు, సముద్రం కనిపించే గట్టు మీది ఇనప ఊచల దాకా వెళ్ళారు. సబేలా చూసినవన్నీ రాళ్ళూ కాళ్ళూనే. అరిగి నునుపెక్కిన పలకలు, చేపల వీధిలో పొలుసులు, నడవలేక నడిచే ముసలమ్మ గుడ్డ చెప్పులు. వెనకనుంచి ఇరియా ఉన్నట్టుండి "పాము" అని అరిచినా ఆ మెడ లేవలేదు. సాయంత్రానికి ఇరియాకే గొంతు బొంగురుపోయింది.

ఆదివారం పొద్దుట ఓలేగెర్ మళ్ళీ వరసలో నిలబెట్టి చూశాడు. మెడ లేవలేదు. జట్టు చొక్కా ఒకటి, పొడుగాటి నల్ల దట్టీ ఆమె చేతిలో పెట్టాడు. దట్టీ కొస ఇరియా బిగలాగి పట్టుకుంటే, సబేలా అటు నుంచి గిర్రున తిరుగుతూ నడుముకు చుట్టుకుంటూ వచ్చింది. చుట్టడం పూర్తయ్యేసరికి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

"సంచులు జాగ్రత్త," అంది సబేలా.

"మెడ జాగ్రత్త," అంది ఇరియా.

చౌకు కిటకిటలాడుతోంది. సబేలా అడుగు వరసలో ఒదిగింది, ఈసారి ఒకరికి చోటివ్వడానికి కాదు. ముందు వీపు, వెనక గుండె, చుట్టూ చెమట వాసన. కింద ఇరవై జతల బూట్లు తప్ప లోకం కనిపించడంలేదు. భుజం మీదుగా పాదాలు పైకి వెళ్ళాయి. సన్నాయిలు అందుకున్నాయి. బరువు అంతస్తు అంతస్తుగా దిగి వీపుల్లో కూర్చుంటోంది. ఆఖరున పిట్ట వాలినంత తేలికగా ఒక జత పాదాలు ఎక్కిపోయాయి. అది చిట్టచివర ఎక్కే పాప.

ఒక్కసారిగా చౌకు హోరెత్తింది. పాట మారింది. పాప కొసన చెయ్యెత్తిందన్నమాట. ఇక దిగడమే మిగిలింది. కిందటేడు కూలింది ఇక్కడే.

హోరు తెగ్గోసినట్టు ఆగిపోయింది. బరువు ఎడమకు ఒరిగింది. వరస గుండా వణుకు పాకి సబేలా చేతుల్లోకి వచ్చింది. ఎక్కడో ఇరియా ఉంది. ఎప్పుడూ వాగే ఆ నోరు వినిపించలేదు. సబేలా మెడ నరాలన్నీ పైకి లాగాయి. కన్ను చూడాలి, కన్ను చూడాలి. ఆమె పళ్ళు బిగించి, గడ్డం ఇంకా లోపలికి నొక్కి, పాలు తీసేటప్పుడు మీద ఒరిగే ఆవును నిలబెట్టినట్టు పాదాలు నేలలోకి తన్నిపెట్టి ముందుకు ఆనుకుంది. ఆవు ఒరిగితే తప్పుకోరాదు. దానికి మనిషి ఉందని తెలియాలి.

వణుకు ఆగింది.

పాదాలు ఒక్కొక్కటే దిగసాగాయి. భుజాలు ఒక్కొక్కటే తేలికయ్యాయి. ఆఖరి పాదం నేల తాకగానే చౌకు మీద పిడుగు పడ్డట్టయింది. ఎవరెవరో ఆమెను కావలించుకున్నారు. ఓలేగెర్ ఏడుస్తూ ఆమె వీపు మీద గుద్దుతున్నాడు. "మంగళవారం సాధన. ఆలస్యం చెయ్యకు."

"మంగళవారం నా ఆవులున్నాయి బాబాయ్."

"వాటినీ తోలుకురా. ఆనుకోడానికి పనికొస్తాయి."

రెండు సంచులూ మోసుకుంటూ ఇరియా తోసుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబేలా మెల్లగా, నొప్పిగా మెడ ఎత్తింది. పైన ఉత్త ఆకాశం.

"గోపురం ఎందాకా వచ్చింది?"

ఇరియా వేలు చూపించింది. "ఆ మూడో అంతస్తు బాల్కనీ కనిపిస్తోందా? దానికంటే పైకి."

సబేలా చాలాసేపు అటే చూసింది. "నువ్వు చూశావుగా. మొదటి నుంచీ చెప్పు," అని తన సంచీతోపాటు ఇరియాదీ లాగి వీపుకు తగిలించుకుంది.

సార్డీన్ చేపలు కాల్చే వీధి దాకా ఇరియా చెబుతూనే ఉంది. సబేలా వీధి నడిమధ్యన, తలెత్తుకుని నడుస్తూ, కిటికీలన్నీ చూసుకుంటూ వెళ్ళింది. నిన్న తలొంచుకుని చూసి గుర్తుపెట్టుకున్న ప్రతి రాయీ ఇవాళ ఆమె కాలికి తగిలింది.