కింది అర

నాచారంలోని ఆ ఆస్పత్రిలో హెడ్ నర్సు ఛాయాదేవికి పొందిక పిచ్చి. మందుల అల్మారాలో ఏదైనా సరే, సైజు ప్రకారం వరసగా ఉండాల్సిందే. తనిఖీకి వచ్చినవాళ్లు భేష్ అంటే చాలు, ఆవిడకు ఆ పూట అన్నం అక్కర్లేదు. మందుల్లో కలిపే డిస్టిల్డ్ వాటర్ సీసాలూ, నేరుగా ఎక్కిస్తే గుండెను ఆపేసే పొటాషియం సీసాలూ ఒకే సైజువి కావడంతో కింది అరలో పక్కపక్కన చేరింది ఆ పిచ్చివల్లే.

సోమవారం పొద్దున నర్సు హరిణి యాంటీబయాటిక్ కలపడానికి నీళ్లనుకుని పొటాషియం తీసింది. ఇంజెక్షన్ సగం ఎక్కకముందే పేషెంటు పరంధామయ్య చెయ్యి మండుతోందన్నాడు. హరిణి ఆపేసింది గానీ, పెద్దాయన గుండె ఆగనే ఆగింది. ఎలాగో మళ్లీ కొట్టుకునేలా చేశారు. మూడు రోజులైంది, ఐసీయూలో ఇంకా కళ్లు తెరవలేదు.

"పేరు చదవకుండా ఎలా తీశావే? కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?" అని ఛాయాదేవి అందరి ముందూ దులిపేసింది. నిర్లక్ష్యం చేసిందని, తీసేయమని కాగితమూ రాసింది. ఆ మాట పడ్డాక మేడిపల్లి నుంచి వచ్చే ఆ పిల్లను ఇంకే ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు. కాగితం మీద ఛాయాదేవి సంతకం ఒక్కటే మిగిలింది.

ఇదెలా జరిగిందో చూడమని ఆస్పత్రివాళ్లు పిలిస్తే గురువారం గిరిధర్ వచ్చాడు. పనిచేసే చోటు మనిషి ఒంటికి అనువుగా ఉందో లేదో చూసే ఇంజనీరు, ఉప్పల్‌లో పుట్టి పెరిగినవాడు. "మేడం, జర మీరే డిస్టిల్డ్ వాటర్ తీయున్రి. హరిణి లెక్కనే, ఎడమ చేతిల ట్రే పట్టుకొని, జల్దీగ," అన్నాడు.

నాకా పరీక్ష అనుకుంటూనే ఛాయాదేవి వంగింది. నడుం పట్టేసింది. తన నీడే అరమీద పడి పేర్లు మసకబారాయి. రోజూ తీసే చోటే కదా అని ఒకటి తీసి లేచింది. వెలుతురులో పేరు చదివింది.

పొటాషియం.

ఆవిడ ఆ సీసాను ట్రేలో పెట్టింది. "ఇది నేను సర్దిన అరండీ," అంది.

"చదువకుంట తీసుడు తప్పే మేడం. గానీ ఆ పిల్ల పోయినా అర గిట్లనే ఉంటది గద. రేపు ఇంకొకరు వంగుతరు."

ఛాయాదేవి ముందు పొటాషియమంతా ఏరి వేరేచోట తాళం వేయించింది. నీళ్లను గుండె ఎత్తున ఉన్న అరలోకి మార్చింది. రాసిన కాగితం చింపి ఇంకోటి రాసింది. అందులో హరిణి పేరు కంటే ముందు తన పేరుంది.

మూలన కూర్చుని ఏడుస్తున్న హరిణి అది చదివింది. "మీ నౌకరీ పోతది మేడం."

"పోతే పోనీ. లే, మొహం కడుక్కో. పరంధామయ్యగారి భార్య బయట కూర్చుని ఉంది. గుండెపోటని చెప్పి మూడు రోజులుగా నమ్మించాం. జరిగింది ఆవిడకు మనిద్దరమే చెప్పాలి."